ఇస్త్రీ గదిలో నీ రెండు పాటలు

చిన్నోడా, నేను కులాసా, దగ్గు పూర్తిగా తగ్గిందని అమ్మకి చెప్పు.

నీ కొత్త పాటలు రెండూ నిన్న మధ్యాహ్నం మా ఫ్యాక్టరీ ఇస్త్రీ గదిలో పెట్టాను. పాడింది నువ్వని ఎవరికీ చెప్పలేదు. ర్యాప్‌కి అందరి కాళ్లూ ఆడాయి గానీ, బట్టలు మడతపెట్టే పెద్దావిడ "ఈ అబ్బాయికి ఇన్ని కార్లెక్కడివే?" అంది. నవ్వొచ్చింది. మనింట్లో ఉన్నది ఒక్క సైకిలే కదరా! ఆ గొప్పలు నీవి కావు, తీసెయ్.

రెండోది, ఆ నిదానం పాట మొదలయ్యేసరికి అందరి చేతులూ వాటంతటవే నెమ్మదించాయి. తెల్లటి ఆవిరిలో తేలిపోతున్నట్టనిపించింది. పాటలో అమ్మ తల ఆరబెట్టుకుంటూ నిన్ను పిలిచే చోట నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. చేతికింద చొక్కా కాలర్ కమిలింది. సూపర్‌వైజర్ కేకలేస్తాడనుకున్నా. ఆయన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, "మళ్లీ పెట్టమ్మా" అన్నాడు. అప్పుడు చెప్పేశాను, మా తమ్ముడని.

పాటలు మానేసి నాన్న చూసిన ఉద్యోగంలో చేరతానని రాశావు. తొందరపడకు. అమ్మ కళ్లజోడు మార్పించారా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? ఆ రెండో పాట నాన్నకి వినిపించు. విన్నాక వెంటనే ఉద్యోగం మాట ఎత్తకు, కాసేపు పక్కన కూర్చో. నీకు మంచే జరుగుతుంది.

అక్క