బీరువాలోంచి తీసిన పాస్‌పోర్టులు

గురువారం, నజ్మా

ఈరోజు మేనేజర్‌గారి ఎదుట నోరు తెరిచాను. పనివాళ్ళ పాస్‌పోర్టులు మన ఆఫీసు బీరువాలో ఉంచడం ఈ గల్ఫ్ దేశపు చట్టం ఒప్పుకోదని చెప్పాను.

"భద్రంగా ఉంటాయని వాళ్ళే ఇస్తారమ్మా."

"అలా అని ఎవరూ రాసివ్వలేదు కదండీ."

ఆయన "సరే, నువ్వే ఇచ్చెయ్" అంటూ బీరువా తాళంచెవి నా చేతికిచ్చారు!

మొదట మేస్త్రి మల్లేశన్నను పిలిచి పాస్‌పోర్టు ఇచ్చాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నేనేం తప్పు జేసిన మేడమ్? ఇంటికి పంపిస్తున్నరా?"

ఇంటికి వెళ్ళేవాళ్ళకే పాస్‌పోర్టు ఇచ్చే అలవాటు మాది. అది నాకు తట్టనేలేదు. ఉద్యోగం పోలేదని మూడుసార్లు చెప్పాక నమ్మాడు.

"మరి మేముండే క్యాంపుల యాడ దాచుకోవాలె? మంచం కింద పెట్టెకు తాళమే లేదాయె."

రేపూ ఎల్లుండీ సెలవు; ఆదివారం ఆఫీసు తెరవగానే పనివాళ్ళకు లాకర్లు అడగాలి. మళ్ళీ మేనేజర్‌గారినే. భయంగానే ఉంది, అయినా ఆదివారం త్వరగా వస్తే బాగుండును.