గెలవని సైక్లిస్టు మీదే రాస్తాను

మంగళవారం, తార్నాక హాస్టల్

గైడ్ సార్ ఈరోజు నా థీసిస్ ప్రతిపాదన వెనక్కిచ్చేశారు. నేను ఎంచుకున్న బెలారస్ సైక్లిస్టు ఒక్క రోడ్డు రేసూ గెలవలేదు. ఎదురుగాలి తాను తట్టుకుంటూ ముందు తొక్కి, వెనక వచ్చే తన జట్టు నాయకుణ్ని గెలిపించడమే ఆయన ఉద్యోగం.

“గెలవనోని మీద పరిశోధన ఏందమ్మా? టాపిక్ మార్చు, లేకుంటే సంతకం పెట్టను.”

“ఈయన లేకుంటే ఆ గెలిచినాయన గెలిచేటోడా సార్?” అన్నాను. ఫెలోషిప్ పోతే ఎలా అన్న భయం ఇప్పటికీ ఉంది.

కానీ యూనివర్సిటీ సైక్లింగ్ జట్టులో మూడేళ్లు మా కెప్టెన్ ముందు ఎదురుగాలిలో తొక్కింది నేనే. పతకాల ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నేను లేను. అది సార్‌కి చెప్పలేదు, చెప్పను కూడా.

రేపు అదే ప్రతిపాదన మళ్లీ ఇస్తాను. ఒక్కటే మార్చాను. శీర్షికలో చివర ఉన్న ఆ సైక్లిస్టు పేరును మొదటికి తెచ్చాను.