చప్పిడి ముద్ద

మేడ్చల్,
మే 2003.

దుర్గత్తా,

కోపంతోనే రాస్తున్నాను, ఇందులో మర్యాద వెతకకు. బాపు మళ్లీ దవాఖానలో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడక, కూర్చునే కునుకుతున్నాడు.

నువ్వు అల్వాల్ నుంచి వచ్చిపోయిన వారానికే ఇట్లయింది. "ఉప్పులేని కూడు పీనుగకు పెడతరురా, పానమున్న నా తమ్మునికి పెడతవా?" అని నన్ను తిట్టి, మామిడికాయ తొక్కు డబ్బా ఆయన దిండు వెనక దాచిపోయావు. దాహమంటే చెంబులకొద్దీ ఉప్పు మజ్జిగ పోశావు. ఆయన గుండెకు బలం తగ్గింది. ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది, ఆ నీటిని గుండె తోయలేదు. డాక్టర్ చెప్పిందీ, నేను పుస్తకం కొని చదివిందీ ఇదే. నువ్వేమో "దూలపల్లి ఫ్యాక్టరీల బోల్టులు బిగించెటోనివి, నీకేమెరుకరా" అని నవ్వావు.

ఇంకోసారి ఇట్లా అయితే బతకడం కష్టమన్నాడు డాక్టర్.

శనివారం ఇంటికి తెస్తున్నాం. నేను పెట్టే ముద్ద తోసేస్తున్నాడు. "అక్క పెడితే తింట" అంటున్నాడు. నీ మొహం చూడబుద్ధి కాకున్నా అందుకే పిలుస్తున్నాను. రా. తొక్కు తేకు. ఆ చప్పిడి పప్పన్నమే నీ చేత్తో కలిపి, "తిను తమ్మీ" అని నువ్వే పెట్టు.

నీ మేనల్లుడు