కింద పోర్షన్

కిరుమాంబాక్కం

అమ్మకు,

జనని నమస్కారాలు. నేనూ కడుపులో బిడ్డా బాగున్నాం. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. మన ఇంటి ఫోను నాన్న అంగడిలో ఉంటుంది. ఆయన స్పీకరు పెట్టకుండా మాట్లాడరు. పోయినసారి నా వాంతుల గురించి అడిగితే చీరలు కొనేవాళ్లు జవాబు చెప్పారు. అందుకే మీ వైపు పూలమ్మడానికి వచ్చే అముద చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఎనిమిదో నెల నిండింది కదా. కాన్పుకు ముందే కింద సిద్ధం చేసుకోమని డాక్టరమ్మ చెప్పింది. కింద బిగుతుగా ఉంటే చినుగుతుందట, కుట్లు పడతాయట. నూనె రాస్తూ ఉంటే మెత్తబడుతుందట. మా ఆడబిడ్డ కాన్పయ్యాక చాలా రోజులు సరిగా కూర్చోలేకపోయింది. అది చూసినప్పటి నుంచి నాకు భయం. ఏం చేయాలో నువ్వే చెప్పాలి. ఇంకెవరిని అడగను?

నీ జనని

తా.క.: ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు.

నటేశన్ నగర్

చిరంజీవి జననికి,

ఆ ఏడుకొండలవాడు నిన్నూ బిడ్డనూ చల్లగా చూడాలి. భయమెందుకు తల్లీ, కింద సంగతి నేను ముందే ఆలోచించాను. నువ్వన్నట్టు బిగుతుగానే ఉంది. వానలకు తలుపు ఉబ్బిపోయి, భుజంతో తోస్తే గానీ తెరుచుకోవడం లేదు. శుక్రవారం పూజ కాగానే బందులకు కొబ్బరి నూనె పోశాను. కొంచెం కదిలింది.

చినుగుతుందన్న బెంగ వద్దు. పరుపుకు మీ నాన్న అంగడి నుంచి మందం గుడ్డ తెప్పించాను. కుట్లకు కూడా భయపడకు. కుట్లు పడితేనే గట్టి. నేను డబుల్ కుట్లు వేయమన్నాను.

మీ అమ్మ, అలివేలుమంగ

తా.క.: కళ్లజోడు కాడ విరిగి రిపేరుకు పోయింది. అక్షరాలు చింతగింజలంత ఉన్నాయని నవ్వకు.

కిరుమాంబాక్కం

అమ్మకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి. తలుపు, పరుపు అని ఎంత మరుగుగా రాశావమ్మా. నీ సిగ్గు నాకు తెలియదా? ఇక నేనూ తలుపనే రాస్తాను.

చేతులు శుభ్రంగా కడుక్కుని, వాసన లేని నూనెతో తలుపు కింది భాగాన్ని కొద్ది నిమిషాలు మెల్లగా రుద్దాలట. నొప్పి పుడితే ఆపేయాలట. సేదరపేట ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఆ పని తానే చేస్తానంటున్నారు మీ అల్లుడు. నాకేమో సిగ్గు. ఒప్పుకోవచ్చా?

ఇంకొకటి. నేను పుట్టినప్పుడు నీ తలుపు ఏమైంది? చినిగిందా? నిజం చెప్పు.

నీ జనని

తా.క.: డబుల్ కుట్లు వేయమని ఎవరికి చెప్పావు?

నటేశన్ నగర్

చిరంజీవి జననికి,

స్వామి దయవల్ల అందరం బాగున్నాం. నీ ఉత్తరం నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. తలుపుకు నొప్పేంది తల్లీ?

షిఫ్టు చేసి అలసి వచ్చిన అల్లుడితో ఆ పని చేయిస్తే మీ అత్తగారు ఏమనుకుంటారు? నేను ఏలుమలై మేస్త్రీని పిలిపించాను. ఆయన కింద అంతా చూసి, "నూనెతో పొయ్యేది కాదక్కా, ఉలితో రవ్వంత చెక్కాల" అన్నాడు. సరేనన్నాను.

నువ్వు పుట్టినప్పుడు తలుపే లేదు. గోనెపట్టా కట్టుకున్నాం. అది చినిగితే మీ నాన్న ఇంకొకటి తెచ్చారు.

మీ అమ్మ, అలివేలుమంగ

తా.క.: సిగ్గని రాశావు. మేస్త్రీ దగ్గర సిగ్గేంది? మన వీధిలో అందరి తలుపులూ ఆయన చూసినవే.

కిరుమాంబాక్కం

అమ్మా,

నమస్కారం కూడా రాయకుండా మొదలుపెడుతున్నాను. మేస్త్రీని రానివ్వద్దు. ఉలి అన్న మాట చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

నేను రాసింది ఇంటి గురించి కాదమ్మా, నా ఒంటి గురించి. బిడ్డ బయటికి వచ్చే చోటు గురించి. కాన్పులో అక్కడ చినగకుండా నూనెతో మర్దన చేసుకోమన్నారు. ఇంతకంటే విడమరచి రాయడం నాకు చేతకాదు. నువ్వు చెప్పకపోతే నాకు చెప్పేవాళ్లు లేరు.

జనని

తా.క.: ఏలుమలై ఎవరని మీ అల్లుడు పూటపూటకూ అడుగుతున్నారు.

నటేశన్ నగర్

నా తల్లి జననికి,

దేవుడి గదిలో తలుపు వేసుకుని రాస్తున్నాను. కళ్లజోడు వచ్చింది. నీ మూడు ఉత్తరాలూ నేనే చదివాను. ఎక్కడా పోర్షన్ అన్న మాట లేదు.

నాకు చూపు ఆనక ఇన్నాళ్లూ నీ ఉత్తరాలు మీ నాన్న చదివి వినిపించారు. నువ్వొక్కదానివే చదువు అన్న ముక్క మాత్రం వినిపించలేదు. కాన్పుకు వచ్చి మెట్లెక్కలేని నీ కోసం కింద పోర్షన్ సర్దుతున్నాం కదా, నువ్వు దాని గురించే రాశావనుకున్నాను. మూడోది చదవబోయి ఆయనకు దగ్గొచ్చింది. ఉత్తరం జేబులో పెట్టుకుని అంగడికి పోయారు. సాయంత్రం కళ్లజోడూ ఉత్తరమూ నా చేతికిచ్చి, "నువ్వే చదువుకో" అన్నారు.

"పోర్షన్ యాడుందండీ ఇందులో?" అని అడిగాను.

క్యాలెండరు వైపు తిరిగారు. "కింద అని ఉన్నచోట పోర్షన్ అని నేనే కలిపినాను. కూతురు రాసింది నా నోటితో ఎట్ట చదివేది? తర్వాత బిడ్డే తలుపని రాసింది గదా, బతికితిని అనుకున్నా" అన్నారు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. నువ్వు పుట్టినప్పుడు నాకు చినిగింది. కుట్లు వేశారు. మా అమ్మకు కూడా చెప్పుకోలేదు. ఎవరూ అడగలేదు. నువ్వు అడిగావు.

ఆస్పత్రికి పోయి నర్సు పరిమళను కనుక్కున్నాను. మర్దన చేసుకుంటే అసలు చినగదని చెప్పలేరట, తక్కువ చినుగుతుందట. నీకు ఇష్టమైతే అల్లుడు చేయవచ్చునట. బిడ్డ తల కనిపించే వేళ వేడినీళ్లలో పిండిన గుడ్డ అక్కడ అద్దమని అడగాలట. నువ్వు నొప్పుల్లో అడగలేవు. నేను పక్కనే ఉండి అడుగుతాను. సిగ్గు పడను.

మీ అమ్మ

తా.క.: మేస్త్రీ వచ్చి తలుపు చెక్కి పోయాడు. ఆయన పెళ్లయి మనవలున్న మనిషని అల్లుడికి చెప్పు. అడుగున మీ నాన్న ఏదో రాస్తానన్నారు. చదవకుండా మడిచి ఇస్తున్నాను.

జననీ, ఫోనుకు ఇక స్పీకరు పెట్టను. పైన మేమంతా క్షేమం.
నాన్న, పట్టాభి