మా ఇంటి కేసు ఆ కోర్టుది కాదట

స్కార్‌బరో

సునీతక్కకు,

శ్రావణి నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. బావ నడుము నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. మళ్లీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను. కానీ ఇల్లు మారాను. ఫోన్‌లో సరిగా చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

మేమున్న బేస్‌మెంట్ నీకు తెలుసు కదా. ప్రభాకర్ అంకుల్ ఆ ఇల్లంతా అద్దెకు తీసుకుని పైన ఉంటూ, కింది గది నాకూ కడప దివ్యకూ ఇచ్చారు. ఓనర్‌కు ఇల్లు కావలసి వచ్చింది. అద్దె తగాదాలు చూసే ఇక్కడి ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) బోర్డు ఖాళీ చేయమని ఆర్డర్ ఇచ్చింది.

“ఏం కంగారు లేదమ్మా, నేను ఫెడరల్ కోర్టులో వేశా. అది కేంద్రం వాళ్ల పెద్ద కోర్టు. ఇంకెవరూ మన జోలికి రారు,” అన్నారు అంకుల్.

వీసా రిజెక్ట్ అయినవాళ్లు వెళ్లేది ఆ కోర్టుకే. అందుకని మేమూ నమ్మాం.

వాయిదాకు నన్ను తోడు తీసుకెళ్లారు. జడ్జి నెమ్మదిగా మాట్లాడే ఆవిడ.

“ఇల్లు ఖాళీ చేయించే కేసు వినే అధికారం ఈ కోర్టుకు లేదు,” అంది.

“మీది పెద్ద కోర్టు కదా మేడమ్?”

“పెద్దా చిన్నా అని కాదు. చట్టం మాకు అప్పగించినవే మేం వినగలం. మీరు ప్రావిన్స్‌లోనే అప్పీలు చేసుకోవలసింది. ఇక్కడ వేసినంత మాత్రాన ఆ ఆర్డర్ ఆగదు.”

అంతే అక్కా. తప్పెవరిదో కూడా అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు సబ్‌వే రైల్లో అంకుల్ అసలు సంగతి చెప్పారు. “అక్కడ అప్పీలు గడువు దాటిపోయిందమ్మా. ఇక్కడ వేశాం కదా, అక్కడెందుకులే అనుకున్నా.”

మరుసటి వారం పొద్దున కుక్కర్ పెట్టి ఉన్నాను. ఇలాంటి ఆర్డర్లు అమలు చేసే షెరిఫ్ ఆఫీసు నుంచి ఒకాయన, తాళాలు మార్చే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. మేం అద్దె కట్టే ఉంటున్నామని చెప్పాను. ఆర్డర్ ఇంట్లో ఉన్న అందరికీ వర్తిస్తుందన్నాడు. కోప్పడలేదు, కసరలేదు. మిగతా సామాను తర్వాత వచ్చి తీసుకోవచ్చన్నాడు. పాస్‌పోర్టులు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుని బయటపడ్డాం. స్టవ్ కూడా ఆయనే ఆపాడు.

“మీరు చెప్పినారనే కదా అంకుల్ మేం యాడికీ పోకుండా ఉండింది,” అంది దివ్య.

అంకుల్ మంచులో ఇంటి చెప్పులతో నిలబడి ఉన్నారు. దివ్య ఆయన పాదాల వంక చూసింది. గబగబా వెనక్కి వెళ్లి, ఆఫీసర్‌ను అడిగి అంకుల్ బూట్లు తెచ్చింది. తనే కింద కూర్చుని ఆయనకు లేసులు కట్టింది. అంత కోపంలోనూ కట్టింది అక్కా.

ఇప్పుడు దివ్యా నేనూ కాలేజీ దగ్గర ఒక రిటైర్డ్ డాక్టర్ ఆంటీ ఇంట్లో ఉంటున్నాం. ఈసారి అగ్రిమెంట్ మా పేరుతోనే రాయించుకున్నాం. అంకుల్ హామిల్టన్‌లో స్నేహితుడి దగ్గరున్నారు. తిన్నారా అని దివ్యే రోజూ ఫోన్ చేస్తుంది. నేను తింటున్నాను, క్లాసులకు వెళ్తున్నాను, నిద్ర కూడా పడుతోంది. తలుపు చప్పుడైతే మాత్రం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

ఎవరైనా వస్తుంటే కాస్త కారప్పొడి పంపు. పెద్దమ్మకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. మీ దీవెనలే నాకు అండ. నాన్నకు ఇల్లు మారానని చెప్పు. ఎట్లా మారానో చెప్పకు.

నీ చెల్లి,
శ్రావణి