బేకరీ ఆయన హిమోగ్లోబిన్

బేకరీ యజమాని గారికి,

నమస్కారం. గత మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష కోసం మీ డాక్టరుగారు పంపిన మీ రక్తం మా పరిశోధనశాలకు వచ్చింది. అందులో అసాధారణమైన హిమోగ్లోబిన్ ఉన్నట్టు మా యంత్రం చూపించింది. రక్తానికి ఎరుపునిచ్చేది, మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకెళ్లేది హిమోగ్లోబినే. మీలో ఉన్న రకం మా రికార్డుల్లో ఇంతవరకు లేదు. దాన్ని ఇంకా లోతుగా చూడాలనుకుంటున్నాం. దయచేసి మీ డాక్టరుగారి క్లినిక్‌లో మరోసారి రక్తం ఇవ్వండి.

ఇట్లు,
పరిశోధకురాలు,
రక్త పరిశోధన విభాగం

తా.క.: ఈ పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు. తినే రావచ్చు.

*

డాక్టరమ్మ గారికి బేకరీ ఆయన నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం కొట్లో జనం ఉండగానే విప్పాను. ‘అసాధారణమైన’ అన్నచోట నేను ఆగి అందరి మొహాలూ చూస్తుంటే, బన్ను కోసం వచ్చిన పోస్టుమాస్టరు గారు మిగతాది పైకి చదివి పెట్టారు. నాలో ఏదో ఉందని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. బడిలో ఎవరూ గుర్తించలేదు. ఇంట్లో సరేసరి. ఉత్తరానికి ఫ్రేము కట్టించి రొట్టెల అలమరా పైన పెట్టాను.

ఒక్క సంగతి అడగాలి. నాకు ఆరేళ్లుగా షుగరు. పరగడుపున వేలు గుచ్చి చూస్తే మామూలుగా ఉంటుంది. మూడు నెలల పరీక్షలో మాత్రం ఆకాశాన్నంటుతుంది. అంటే పరీక్ష రోజున కడుపు మాడ్చుకుని, మిగతా రోజుల్లో దొంగచాటుగా కేకులు లాగిస్తున్నానని డాక్టరుగారూ మా ఆవిడా కలిసి తేల్చారు. ఆరేళ్లలో వేలికంటిన క్రీము కూడా నాకలేదని చెబితే నమ్మేవాళ్లు లేరు. భోజనానికి కూర్చోగానే మా ఆవిడ ముందు నా నోరు వాసన చూస్తుంది, తర్వాతే వడ్డిస్తుంది. మాత్రలు పెంచుకుంటూ పోతున్నారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి చేతులు వణుకుతాయి. కేకు మీద గులాబీ వేద్దామంటే క్యాబేజీ వస్తోంది.

అసాధారణమైన వాళ్లకు కూడా షుగరు వస్తుందా? సన్మానం ఎప్పుడో ముందుగా తెలియజేస్తే కొత్త చొక్కా కుట్టించుకుంటాను.

ఇట్లు,
మీరు కనిపెట్టిన
బేకరీ ఆయన

తా.క.: ‘తినే రావచ్చు’ అన్న ముక్క మీరు రాసింది కాదట. నేనే కలిపి రాసుకున్నానని మా ఆవిడ అంటోంది.

*

బేకరీ యజమాని గారికి,

నమస్కారం. క్షమించాలి, సన్మానం ఏమీ లేదు. అసాధారణం అంటే గొప్పదని కాదు, ఉండాల్సిన తీరులో లేదని. కొన్ని వందల ఇటుకల గోడలో ఒక్క ఇటుక వేరే రకంది పడిందనుకోండి. మీ హిమోగ్లోబిన్ అలాంటిది. ఇది పుట్టుకతో వచ్చేది. మీ అమ్మ నుంచో నాన్న నుంచో మీకు వచ్చింది. మీ తర్వాత మీ పిల్లలకు వెళ్లవచ్చు. ఇలాంటి మార్పుల్లో ఏ హానీ చేయనివి ఉన్నాయి, జబ్బు తెచ్చిపెట్టేవీ ఉన్నాయి. మీది ఏ కోవకు చెందిందో ఇంకా తెలియదు. మీ పిల్లలు, తోబుట్టువులు కూడా వీలైనంత త్వరగా రక్తం ఇస్తే మంచిది.

ఇట్లు,
పరిశోధకురాలు

తా.క.: షుగరు గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాత వేలి పరీక్షల చీటీలు ఉంటే పారేయకుండా నాకు పంపండి.

*

డాక్టరమ్మ గారికి,

మీ ఉత్తరం చేరింది. ‘మీ తర్వాత’ అన్న మాట దగ్గరే నాకు రోజులు దగ్గరపడ్డాయని తెలిసిపోయింది. ఇంత చల్లగా రాయడం మీ ఉద్యోగంలో అలవాటే కాబోలు. నా తర్వాత పొయ్యి తమ్ముడికి, కొట్టు అమ్మాయికి అని కాగితం మీద పెట్టేశాను. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని రొట్టె పిండి కొలతలు తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని వాడు ‘ఇంతేనా’ అన్నాడు. ఫ్రేము దింపేశాను.

నా సంగతి వదిలేయండి. మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. నా ముక్కూ నా కోపమూ దానికి ఇచ్చింది చాలదని ఈ పాడు ఇటుక కూడా ఇచ్చానా? అది వచ్చినప్పుడల్లా నవ్వుతూ మాట్లాడుతున్నాను. అది వెళ్లాక పిండి గదిలోకి పోయి బస్తా మీద కూర్చుంటున్నాను. నాకేమైనా ఫరవాలేదు, దాని సంగతి ఒక్కటి ముందు చూసి పెట్టండి.

ఇంట్లో మాత్రం యుద్ధం. “మీ వంశంలో ఏదీ తిన్నగా ఉండదు. మీ నాన్నగారి మాట, మీ తమ్ముడి నడక, ఇప్పుడు రక్తం” అంది మా ఆవిడ.

“మీ వైపు అంతా తిన్నగా ఉందేంటి, వదినా?” అన్నాడు తమ్ముడు.

“మా వైపు రక్తం అద్దంలా ఉంటుంది. కావాలంటే చూసుకోండి” అని, ఎవరూ అడక్కుండానే క్లినిక్‌కు వెళ్లి చెయ్యి చాపింది. ఎన్ని పరీక్షలుంటే అన్నీ చేయమని కూడా చెప్పి వచ్చింది. తమ్ముడు, అమ్మాయి, అల్లుడు కూడా ఇచ్చారు. చీటీలు బిస్కెట్ల డబ్బాలో దాచాను, డబ్బాతో సహా పంపుతున్నాను. అందులో బిస్కెట్లు లేవని మా ఆవిడ తనిఖీ చేసి మూత మీద సంతకం పెట్టింది.

ఇట్లు,
ఉన్నన్నాళ్లూ మీ
బేకరీ ఆయన

తా.క.: నాకింకా ఎన్నాళ్లుందో సుమారుగా చెప్పినా చాలు. పెళ్లి కేకులకు ఆర్డర్లు తీసుకోవాలో వద్దో తేల్చుకుంటాను.

*

బేకరీ యజమాని గారికి,

ఈసారి తాజా కలం ముందే రాస్తున్నాను: ఆర్డర్లన్నీ తీసుకోండి.

‘మీ తర్వాత’ అనకుండా ‘మీ నుంచి’ అని రాయాల్సింది. తప్పు నాదే. మీకు వచ్చిన ప్రమాదం ఏమీ లేదు. మీ హిమోగ్లోబిన్‌లోని ఆ ఇటుక వేరే రకందే గానీ, గోడ గట్టిగానే ఉంది. ప్రాణవాయువును మోయడంలో దానికి ఏ లోటూ లేదు. మీ తమ్ముడుగారికి అది రాలేదు. మీ అమ్మాయికి వచ్చింది, ఆమెకూ ఏ ఇబ్బందీ లేదు. మీ అల్లుడుగారి రక్తం మామూలుగా ఉంది కాబట్టి బిడ్డకు భయం లేదు. మహా అయితే తాతగారి ఇటుక ఒకటి వస్తుంది, అంతే.

ఇంకో మాట. మూడు నెలల షుగర్ పరీక్ష చేసేది హిమోగ్లోబిన్ మీదే. మీ రకాన్ని గుర్తుపట్టలేక క్లినిక్ యంత్రం ప్రతిసారీ బోల్తాపడి, షుగరు ఎక్కువని చెబుతూ వచ్చింది. డబ్బాలోని చీటీలు ఒక్కొక్కటీ చూశాను. హిమోగ్లోబిన్‌తో పనిలేని మరో పరీక్ష కూడా చేశాను. మీకు షుగరు లేదు. ఎప్పుడూ లేదు. ఆరేళ్లుగా మీరు చెబుతున్నది నిజం. ఆ చేతుల వణుకు అక్కర్లేని మాత్రల వల్లే అయ్యుంటుంది. అయినా మీ అంతట మీరు ఆపకండి. ఈ ఉత్తరం తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి, ఆయనకూ రాశాను.

మీ ఆవిడగారి ఫలితం ఆవిడ పేరున వేరే కవరులో పెట్టాను.

మిమ్మల్ని అనవసరంగా భయపెట్టినందుకు చింతిస్తూ,
పరిశోధకురాలు

*

డాక్టరమ్మ గారికి,

చల్లగా ఉండాలి మీరు.

మీ ఉత్తరం చదివి డాక్టరుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “నీ మాట వినకుండా కాగితం మాట విన్నానయ్యా” అన్నారు. మాత్రలు ఆపి పది రోజులైంది. వణుకు పోయింది, గులాబీలు గులాబీల్లాగే వస్తున్నాయి. అమ్మాయికి సంగతి చెబితే భోరుమంది. ఇన్నాళ్లూ అదీ నా ముందు నవ్వి, ఇంటికెళ్లి కూర్చునేదట.

మీ ఉత్తరం వచ్చిన సాయంత్రం మా ఆవిడ రెండు పళ్లేల్లో రెండు కేకు ముక్కలు పెట్టి తెచ్చింది. “ఆరేళ్లు మీ నోరు వాసన చూశాను. తినండి” అని కళ్లు తుడుచుకుంది. తర్వాత తన కవరు తమ్ముడి చేతికిచ్చింది. “గట్టిగా చదువు. మా వైపు రక్తం సంగతి అందరూ వినాలి.”

వాడు చదివాడు. హిమోగ్లోబిన్‌లో ఏ తేడా లేదు, నూటికి నూరుపాళ్లు మామూలుది. మా ఆవిడ తల పైకెత్తింది. కాబట్టి ఈమె విషయంలో మూడు నెలల షుగర్ పరీక్షను నమ్మవచ్చు, షుగరు మొదలైంది, వెంటనే డాక్టరుగారిని కలవాలి. అదీ చదివాడు.

ఆవిడ నోటి దాకా వెళ్లిన కేకు ముక్క అక్కడే ఆగింది.

“నీకెలా వచ్చిందే?” అన్నాను.

ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టేసింది. “కొట్టు మూసేటప్పుడు రోజూ కేకులు మిగులుతాయి కదా. మీ కంటపడితే తింటారని…”

“పారేసేదానివా?”

“తినేసేదాన్ని” అంది.

ఆరేళ్లు. నేను నవ్వలేదు. తమ్ముడు నవ్వాడు, వాడికి ఆ పూట భోజనం లేదు.

మర్నాడే డాక్టరుగారికి చూపించాం. ఇప్పుడే మొదలైంది కనుక తిండి మార్చి, రోజూ నడిస్తే చాలన్నారు. ఆవిడ పంతానికి పోయి రక్తం ఇవ్వకపోతే ఇంకో నాలుగేళ్లకు గానీ బయటపడేది కాదట. ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పబోతుంటే, ఆరేళ్ల అనుభవం ఉంది, నేను చూసుకుంటానన్నాను. పొద్దున్నే ఇద్దరం నడుస్తున్నాం. నోరు వాసన మాత్రం చూడటం లేదు. మాట మీద నమ్ముతున్నాను.

ఆ రెండు ముక్కలూ నేనే తిన్నాను. తీపి మరీ ఎక్కువైంది. ఆరేళ్లుగా రుచి చూడకుండా చేస్తున్నాను కదా, ఊళ్లో ఒక్కరైనా చెప్పలేదు.

ఇట్లు,
ఏ జబ్బూ లేని
బేకరీ ఆయన

తా.క.: మా ఆవిడ మిమ్మల్ని ఒక మాట అడగమంది. తన హిమోగ్లోబిన్‌లో ఎక్కడైనా ఒక్క ఇటుక, చిన్నదైనా సరే, తేడాగా ఉందేమో ఇంకోసారి చూడాలట. లేకపోతే మా వంశంలోంచి ఒకటి అరువిస్తానని చెప్పాను.