చేత్తో బిగించి వదిలేసిన చక్రం

అన్నయ్యా,

ప్రతి ఆదివారం మీ పాపతో కలిసి ఆ కార్ల రేసుల యానిమే, అదే ఆ జపాన్ బొమ్మల సీరియల్, చూస్తున్నావని వదిన చెప్పింది. అందులో మెకానిక్ అమ్మాయికి తెలుగులో గొంతు నాదే. నువ్వు పోల్చుకునే ఉంటావు. ఈ వారం భాగం మాత్రం ఈ ఉత్తరం చదివాకే చూడు.

అందులో ఆ అమ్మాయి డ్రైవర్ ఎదుట నిలబడి, "చక్రం నట్లు చేత్తో తిప్పి వదిలేశాను, పానాతో బిగించడం మర్చిపోయాను" అని ఒప్పుకుంటుంది. ఆ ఒక్క మాటకే పదకొండు టేకులయ్యాయి. "ఏం ఏడ్చావమ్మా, అచ్చం నిజంలాగే ఉంది!" అన్నాడు రికార్డింగ్ ఆయన.

నీ కారు పల్టీ కొట్టిన రోజు ఎడమవైపు ముందు చక్రం బిగించింది నేనే. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నువ్వు బయల్దేరిపోయావు. ఆసుపత్రిలో నువ్వు "మలుపు వేగంగా తిప్పాను, తప్పు నాదే" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే, తేలు కుట్టిన దొంగలా పక్కనే నిలబడ్డాను. ఆరేళ్లయింది. నువ్వు మళ్లీ స్టీరింగ్ పట్టలేదు, నేను పానా పట్టలేదు.

ఆ బొమ్మల పిల్లకి పదహారేళ్లు. ఒక్క వారంలో చెప్పేసింది.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఆదివారం నా గొంతు విన్నప్పుడు అది నటన అనుకోకు, అంతే.

నీ చెల్లి